అర్థశాస్త్రం లెక్కలో మన గుడ్డ

కాలేజీలో ఎకనామిక్స్ తీసుకున్న మన పిల్లల్ని అడిగి చూడండి. విదేశీ వ్యాపారం పాఠం రాగానే వాళ్లకు ముందు చెప్పేది ఒక గుడ్డ లెక్కే. 1817లో లండన్‌లో డేవిడ్ రికార్డో అనే ఆయన పుస్తకం రాశాడు. ఆయన నేతగాడు కాదు, మిల్లు యజమానీ కాదు. షేర్ల బజారులో సంపాదించినవాడు. ఇంగ్లండులో ఇంత గుడ్డ తయారుకావాలంటే ఏడాదికి 100 మంది పని, ఇంత ద్రాక్షసారా కావాలంటే 120 మంది పని అనుకున్నాడు. పోర్చుగల్‌లో అదే గుడ్డకు 90 మంది, అదే సారాకు 80 మంది చాలు. పోర్చుగల్ రెండింట్లోనూ మెరుగే. అయినా పోర్చుగల్ సారా మీదే ఉండి గుడ్డ ఇంగ్లండు దగ్గర కొనుక్కుంటే ఇద్దరికీ లాభమే అని తేల్చాడు. పోర్చుగల్ 80 మంది పని ఇచ్చి 90 మంది పట్టే గుడ్డ తెచ్చుకుంటుంది. ఇంగ్లండు 100 మంది పని ఇచ్చి 120 మంది పట్టే సారా తెచ్చుకుంటుంది.

కూడికలో, తీసివేతలో తప్పు లేదు. రెండు వందల ఏళ్లుగా ఈ లెక్క పాఠ్యపుస్తకాల్లోంచి పోలేదు. యూనివర్సిటీల్లో, బ్యాంకుల్లో, బడ్జెట్ తయారుచేసే ఆఫీసుల్లో ఎక్కువగా నడిచేది ఈ దారే. దాన్నే ప్రధానధార అర్థశాస్త్రం అంటారు. దానికి ప్రాణం ధర. ఎవరి లాభం వాళ్లు చూసుకుని కొని అమ్ముకుంటుంటే, ఏ సరుకు ఎక్కడ కావాలో ధరే కబురు చెప్తుంది. డబ్బూ మనుషులూ అటు నడుస్తారు. పోటీకి నిలవని పని పోతుంది, ఆ పనిలో ఉన్నవాళ్లు వేరే పనికి మళ్లుతారు. ఈ ‘మళ్లుతారు’ అన్న మాట దగ్గరే మిగతా ధోరణులవాళ్లు అడ్డం వచ్చి అడుగుతారు. ఎట్లా మళ్లుతారు? ఎన్నేళ్లకు? అప్పటిదాకా ఇల్లు ఎవరు నడుపుతారు?

ఈ వాదం మనకెందుకు అనుకోవద్దు. గడిచిన రెండు మూడు శతాబ్దాల్లో ఆర్థికవేత్తలు ఒకరితో ఒకరు గట్టిగా కొట్లాడుకున్న విషయాల్లో గుడ్డది పెద్దపీట. మన ముత్తాతల మగ్గం, మన సాంచె, రెండూ ఆ కొట్లాటలో సాక్ష్యాలే.

ముందు రికార్డో లెక్కనే చూద్దాం. అందులో ఒప్పందం ఊసు లేదు. ఇంగ్లండుకూ పోర్చుగల్‌కూ మధ్య 1703లోనే మెథ్యూన్ ఒప్పందం అయింది. ఇంగ్లండు ఉన్ని గుడ్డను పోర్చుగల్ రానివ్వాలి, పోర్చుగల్ సారా మీద ఇంగ్లండు ఫ్రెంచి సారా కన్నా తక్కువ సుంకం వెయ్యాలి. కేంబ్రిడ్జిలో పాఠం చెప్పిన జోన్ రాబిన్సన్, పెళ్లయిన కొత్తలో మన గ్వాలియర్‌లో రెండేళ్లు ఉన్న ఆవిడ, ఈ సంగతి ఎత్తి చూపింది. స్వేచ్ఛావ్యాపారం పేరుతో పోర్చుగల్‌లో అప్పుడప్పుడే లేస్తున్న నేత పరిశ్రమ పడిపోయిందనేది ఆమె మాట. ధర తనంతట తాను నడవలేదు. దానికి ముందే ఒక కాగితం మీద సంతకాలు అయ్యాయి.

ఇంగ్లండు తన ఇంట్లో ఏం చేసిందో చూస్తే ఇంకా విచిత్రం. మచిలీపట్నం అద్దకాలు, గుజరాత్ ఛాపాలు లండన్ వీధుల్లో తెగ అమ్ముడుపోతుంటే 1700లో ఒక చట్టం, 1721లో మరో చట్టం తెచ్చి వాటిని ఆపారు. 1719లో లండన్‌లోని పట్టు నేతగాళ్లు కాలికో గుడ్డ కట్టుకున్న ఆడవాళ్ల మీద పడి బట్టలు చించారు, యాసిడ్ కూడా చల్లారు. వాళ్లదీ నేత బతుకే, కడుపుమంట. కానీ వాళ్ల మాట పార్లమెంటు విన్నది. నూరేళ్ల తర్వాత మన నేతగాళ్ల మాట వినడానికి మనకు పార్లమెంటే లేదు. 1812 ప్రాంతంలో మన తెల్ల కాలికో మీద ఇంగ్లండు వేసిన సుంకం వందకు 70 దాటింది. వాళ్ల గుడ్డ మీద ఇక్కడ సుంకం నామమాత్రం.

జర్మనీకి చెందిన ఫ్రెడరిక్ లిస్ట్ 1841లో రాసిన పుస్తకంలో దీన్నే పట్టుకున్నాడు. తన పరిశ్రమను సుంకాల చాటున పెంచుకున్న దేశం, పెరిగాక మిగతా అందరికీ స్వేచ్ఛావ్యాపారం బోధిస్తున్నదని అన్నాడు. పసి పరిశ్రమకు కొన్నాళ్లు రక్షణ కావాలన్నది ఆయన వాదం. మన దగ్గర ఆ దారిలో గట్టిగా మాట్లాడినవాడు జస్టిస్ మహాదేవ గోవింద రానడే. 1892లో పుణె దక్కన్ కాలేజీలో ఇచ్చిన ఉపన్యాసంలో, ఇంగ్లండులో పుట్టిన ఆర్థిక సూత్రాలు అన్ని దేశాలకూ అన్ని కాలాలకూ ఒకే తీరుగా సరిపోవని చెప్పాడు. మనం బస్సెక్కి పోయొచ్చే పుణెలోనే ఈ మాట పుట్టిందని మన పిల్లలకు ఎవరూ చెప్పరు, అదే నాకు కష్టంగా ఉంటుంది.

ఇప్పుడు మన తెలుగు తీరం సంగతి. ఇంజరం, మాధవాయపాలెం లాంటి చోట్ల ఇంగ్లీషు కంపెనీ ఫ్యాక్టరీలు ఉండేవి. ఫ్యాక్టరీ అంటే మిల్లు కాదు, గుడ్డ కొనే కొట్టు. మాధవాయపాలెం పేరు మీదే మడపోలం అనే గుడ్డ ప్రపంచమంతా తెలిసింది. గుడ్డను పుంజాల లెక్కన కొనేవారు. పుంజానికి 120 పోగులు, ఎన్ని పుంజాలైతే అంత చిక్కటి గుడ్డ. మన పెద్దవాళ్ల నోట ఆ మాట ఇంకా ఉంది.

ఆ రోజుల నేతగాడి గురించి ప్రసన్నన్ పార్థసారథి అనే చరిత్రకారుడు 2001లో ఒక పుస్తకం తెచ్చాడు. అందులో మన ఇళ్లల్లో చదువుకోవాల్సిన సంగతి ఒకటుంది. పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో వ్యాపారి నేతగాడికి బయానా ఇచ్చేవాడు. నేతగాడు ఎప్పుడు కావాలంటే అప్పుడు బయానా తిరిగిచ్చేసి ఒప్పందం నుంచి బయటికి రావచ్చు. వ్యాపారి మాత్రం అట్లా వెనక్కి తీసుకోలేడు, గుడ్డ దించుకోవాల్సిందే. ఒక వ్యాపారి బిగిస్తే ఇంకొకడు ఉన్నాడు. మరీ అయితే ఊరే మారిపోయేవారు. దక్షిణాది నేతగాడి రాబడి, తిండిగింజల ధరతో పోల్చి చూస్తే, ఆనాటి ఇంగ్లండు నేతగాడికి ఏమీ తీసిపోలేదని కూడా ఆయన లెక్క కట్టాడు. దీన్ని ఒప్పుకోని చరిత్రకారులూ ఉన్నారు. కానీ ఆ బయానా సంగతి చాలా పెద్దది.

తర్వాత ఏమైంది? దేశం కంపెనీ చేతికి వచ్చాక, కంపెనీ తన గుమాస్తాలను నేరుగా నేతగాడి ఇంటి ముందు నిలబెట్టింది. బయానా తీసుకుంటే మాకే నెయ్యాలి, ఇంకొకరికి నేస్తే శిక్ష. బయానా తిరిగిచ్చి బయటపడే దారి మూసేసింది. మగ్గం అదే, నూలు అదే, చెయ్యి అదే. మారింది ఒప్పందం రాసే అధికారం. ఉత్తర కోరమండల్ నేతగాళ్లు దీని మీద ఎట్లా తిరగబడ్డారో, పనులు ఆపి ఎట్లా అర్జీలు పెట్టారో పి. స్వర్ణలత గారి పుస్తకంలో వివరంగా ఉంది. 1833 చార్టరు చట్టంతో కంపెనీ వ్యాపారమే మానేసింది. అప్పటికి నేతగాడు పాత వ్యాపారినీ పోగొట్టుకున్నాడు, కొత్త కొనుగోలుదారునీ పోగొట్టుకున్నాడు.

ధరను మాత్రమే చూసే అర్థశాస్త్రానికి ఈ రెండు కాలాల మధ్య తేడా సరిగ్గా కనబడదు. అప్పుడూ గజానికి ఇంత, ఇప్పుడూ గజానికి ఇంత అంటుంది. సంస్థలను, కట్టుబాట్లను చూసే ధోరణి ఒకటుంది. ఎవరు ఎవరితో ఏ షరతు మీద బేరం కుదుర్చుకున్నారన్నది అది ముందు అడుగుతుంది. నా మట్టుకు నాకు, మన కులవృత్తి చరిత్రకు ఈ రెండో ప్రశ్నే దగ్గరగా తోస్తుంది. ఇప్పుడు సాంచెల ఖార్ఖానాలో కారీగరుకు ఇచ్చే బాకీ కూడా బయానాయే. అది తీర్చి బయటపడే వీలు ఎవరికి ఎంత ఉందో మీకు వేరే చెప్పక్కర్లేదు.

అయితే ప్రధానధార మాటను పూర్తిగా కొట్టిపారేయడం న్యాయం కాదు. 1963లో మోరిస్ డి. మోరిస్ అనే అమెరికా చరిత్రకారుడు ఒక వ్యాసం రాశాడు. మాంచెస్టర్ నుంచి గుడ్డే కాదు, చవక నూలూ వచ్చింది. నూలు చవకైతే వడికేవాళ్లకు దెబ్బ, నేసేవాడికి ఊతం. కాబట్టి నేతగాడు మనం అనుకున్నంత చెడిపోలేదు అన్నాడు. బిపన్ చంద్ర లాంటివాళ్లు గట్టిగా ఎదురు జవాబు ఇచ్చారు. 1976లో అమియ కుమార్ బాగ్చి బీహారులో 1809-13 నాటి వివరాలనూ 1901 వివరాలనూ పక్కపక్కన పెట్టి, చేతిపనుల మీద బతికేవాళ్ల వాటా బాగా పడిపోయిందని చూపించాడు. తర్వాత తీర్థంకర్ రాయ్ ఇరవయ్యో శతాబ్దం మొదటి భాగం చూసి, జారుడు నాడె వచ్చాక చేమగ్గం గుడ్డ తగ్గలేదు, పెరిగిందన్నాడు. కోస్తా ఆంధ్రలో ఆ నాడె తొందరగానే ఇల్లిల్లూ చేరింది.

ఇద్దరూ ఎంతో కొంత నిజమే చెప్పారని నాకు అనిపిస్తుంది. గుడ్డ పెరగడం వేరు, నేసేవాడి ఇల్లు నిలబడటం వేరు. మోరిస్ లెక్కలో వడికేవాళ్లు ఒక వాక్యంలో అయిపోతారు. ఆ వడికేవాళ్లు ఎవరు? మన ఇళ్ల ఆడవాళ్లు, పక్కింటి ఆడవాళ్లు. రాట్నం ఆగాక వాళ్ల చేతికొచ్చే నాలుగు పైసలు ఆగిపోయాయి. ఆ తర్వాత కండెలు చుట్టడం, ఆసు పోయడం ఇంటి పని కిందికే పోయింది, దానికి కూలి లేదు. ఇంట్లో ఆడవాళ్ల పని దేశ ఆదాయం లెక్కలో ఎందుకు రాదని 1988లో మెరిలిన్ వేరింగ్ పుస్తకం రాసింది. స్త్రీవాద అర్థశాస్త్రానికి అదొక మైలురాయి. సిరిసిల్లలో, షోలాపూర్‌లో మన అక్కచెల్లెళ్లు బీడీలు చుట్టి ఇల్లు నడిపిన లెక్క ఏ గుడ్డ ధరలోనూ కలవదు.

నిజాం రాజ్యంలోకి రైలు 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు వచ్చింది, 1889కి బెజవాడ దాకా పోయింది. మిల్లు నూలు, మిల్లు గుడ్డ ఆ బండిలోనే వచ్చాయి. మనోళ్లు ఆ బండిలోనే బయటికి పోయారు. కరీంనగర్, వరంగల్, నల్గొండ, మహబూబ్‌నగర్ దిక్కు నుంచి షోలాపూర్, బొంబాయి, తర్వాత భివండి. పాఠ్యపుస్తకం దీన్ని ‘శ్రమ చలనశీలత’ అని ఒక్క మాటలో ముగిస్తుంది. ఆ మాటలో తాకట్టు పెట్టిన పుస్తెలు లేవు, ఊళ్లో వదిలిన ముసలి తల్లిదండ్రులు లేరు. భాష రాని చోట ఒక్క ఖోలీలో పదిమంది పడుకోవడం లేదు.

బొంబాయి మిల్లులు పెరుగుతుంటే లాంకషైర్ కన్నెర్ర చేసింది. 1896లో దిగుమతి గుడ్డ మీద మూడున్నర శాతం సుంకం వేసి, దానికి సరిగ్గా సమానంగా మన మిల్లుల గుడ్డ మీద మూడున్నర శాతం ఎక్సైజు వేశారు. రెండువైపులా సమానం కాబట్టి న్యాయం అన్నారు. ఆ ఎక్సైజు రద్దు కావడానికి 1926 దాకా ఆగాల్సి వచ్చింది. చేమగ్గం గుడ్డ మీద మాత్రం అది వెయ్యలేదు.

ఈ కాలంలో మన తెలుగువాళ్లలోంచి ఒక ఆర్థికవేత్త నేతగాడి మీదే పుస్తకం రాశాడు. నిడుబ్రోలులో పుట్టిన ఆచార్య ఎన్.జి. రంగా. రైతు నాయకుడిగానే మనకు తెలుసు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివొచ్చి మద్రాసు పచ్చయప్ప కాలేజీలో ఎకనామిక్స్ చెప్పేవాడు. 1930లో బొంబాయి నుంచే ఆయన ‘ఎకనామిక్స్ ఆఫ్ హ్యాండ్‌లూమ్’ అచ్చయింది. దక్షిణ భారత నేతగాళ్ల ఆర్థిక, సామాజిక స్థితిగతులు అందులో ఉన్నాయి. నేత సహకార ఉద్యమానికి పేరుపడ్డ ప్రగడ కోటయ్య గారు ఆయన శిష్యుడే. తెలంగాణలో కొండా లక్ష్మణ్ బాపూజీ గారు నడిచిందీ సహకార దారిలోనే. సహకారం అనగానే మనం ఎన్నికలు, తగాదాలు తలుచుకుంటాం, కారణాలూ ఉన్నాయి. కానీ ఆర్థిక ఆలోచనగా చూస్తే అది ప్రధానధారకు ఒక ప్రత్యామ్నాయమే. నూలు కొనే బేరం ఒక్కడిగా కాకుండా వందమందిగా చెయ్యడం దాని సారం.

గాంధీ, జె.సి. కుమారప్ప వేరే దారి పట్టారు. కుమారప్ప అమెరికాలో కొలంబియా యూనివర్సిటీలో ఎకనామిక్స్ చదివి, వార్ధాలో గ్రామ పరిశ్రమల సంఘంలో పనిచేశాడు. 1935లో ఖాదీ సంఘంలో పెద్ద చర్చ నడిచింది. వడికే మనిషికి బజారు ఇచ్చే కూలి ఇస్తే చాలదు, బతకడానికి సరిపోయే కూలి ఇవ్వాలని గాంధీ పట్టుబట్టాడు. ఎనిమిది గంటలకు ఎనిమిదణాలు అని ఆయన కోరిక. చివరికి మూడణాల దగ్గర మొదలుపెట్టారు. కూలి పెంచితే ఖాదీ ధర పెరిగింది, కొనేవాళ్లు గొణిగారు. ప్రధానధార చెప్పే గిరాకీ సూత్రం అక్కడ గాంధీకీ ఎదురైంది. ఆయన వెనక్కి తగ్గకపోవడం ఆయన గొప్ప. ఆ సూత్రం అబద్ధం కాకపోవడం కూడా నిజం.

ఇక సాంచెల కథ. భివండిలో 1930ల నుంచే సాంచెలు దిగాయి. ఇక్కడా షోలాపూర్, మాలేగావ్, సూరత్‌లలోనూ చేమగ్గం నేసిన కుటుంబాలే వాటివైపు ఎట్లా మళ్లాయో డగ్లస్ హేన్స్ 2012లో వచ్చిన పుస్తకంలో రాశాడు. స్వాతంత్య్రం తర్వాత ఢిల్లీలో రెండు కమిటీలు రెండు మాటలు చెప్పాయి. 1954లో కనుంగో కమిటీ చేమగ్గాలను మెల్లమెల్లగా సాంచెలుగా మార్చమంది. 1955లో కార్వే కమిటీ, ఉన్న పని పోగొట్టకుండా చిన్న పరిశ్రమలను కాపాడమంది. 1956 నుంచి మిల్లుల్లో మగ్గాల సంఖ్య పెరగకుండా ఆపారు. నాలుగు సాంచెల లోపు ఉన్నవాళ్లకు ఎక్సైజు మినహాయింపు ఉండేది. దాంతో షెడ్డు ఒకటే, కాగితం మీద పేర్లు నాలుగు. అన్న పేర నాలుగు, తమ్ముడి పేర నాలుగు, వదినె పేర నాలుగు! బజారు తనంతట తాను సాంచెలను గెలిపించిందని ఎవరైనా అంటే ఈ నాలుగు సాంచెల సంగతి చెప్పండి. 1982 జనవరిలో దత్తా సామంత్ నాయకత్వంలో బొంబాయి మిల్లు సమ్మె మొదలయ్యాక అక్కడి ఆర్డర్లు భివండికి మళ్లాయి. మిల్లు కార్మికుడి కష్టం మన షెడ్లకు కలిసొచ్చింది. ఇది చెప్పుకోవడానికి సుఖంగా ఉండదు, కానీ చరిత్రే.

అంతకన్నా నొప్పి పెట్టే సంగతి ఇంకొకటి. 1985లో పార్లమెంటు చేనేత రిజర్వేషన్ చట్టం చేసింది. 22 రకాల గుడ్డలు చేమగ్గం మీదే నెయ్యాలంది. సాంచెలవాళ్లు, మిల్లులవాళ్లు కోర్టుకు పోయారు. 1993లో సుప్రీంకోర్టు చట్టం చెల్లుతుందని తీర్పిచ్చింది. తర్వాత 22 కాస్తా 11 అయ్యాయి. పోచంపల్లిలో మగ్గం గుంటలో కూర్చున్న పద్మశాలి, భివండిలో సాంచె ముందు నిలబడ్డ పద్మశాలి, ఇద్దరూ మార్కండేయుని బిడ్డలే. ఆ చట్టం ముందు ఎదురెదురుగా నిలబడ్డారు. చవకగా నేసేవాడే గెలవాలి అన్న సూత్రం మిల్లు చెప్తే మనకు కోపం వస్తుంది. అదే సూత్రం పోచంపల్లి మేనమామ మీద వాడేటప్పుడు మనకు తప్పు అనిపించలేదు. ఈ విషయం సంఘం మీటింగుల్లో ఎత్తరు. ఎత్తాలని నా మనవి.

2017లో తెలంగాణ ప్రభుత్వం బతుకమ్మ చీరల ఆర్డరు సిరిసిల్లకు ఇచ్చింది. తర్వాత ఏటా దాదాపు కోటి చీరల పని. ప్రభుత్వమే గిరాకీ పుట్టిస్తే ఆగిన యంత్రం తిరుగుతుందని 1936లో కీన్స్ చెప్పిన మాటకు ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ మనకు దొరకదు. ఆర్డరు ఆగిన 2024 మొదటి నెలల్లో సాంచెలు ఎట్లా నిలిచిపోయాయో కూడా చూశాం. కొనేవాడు ఒక్కడే అయితే వచ్చే ప్రమాదం అది. ఇక్కడ భివండిలో 2016 నోట్ల రద్దు, 2017 జీఎస్టీ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. పుస్తకం ప్రకారం అవి లెక్కలను శుభ్రం చేసే సంస్కరణలు. కానీ బీములిచ్చి గ్రే గుడ్డ తీసుకుపోయే వ్యాపారి చేతిలో నగదు ఆగితే, మీటరు మజూరీ మీద బతికే ఆసామి సాంచె ఆ వారమే ఆగింది. నూలు వ్యాపారిది, గుడ్డ వ్యాపారిది, సాంచె, కరెంటు బిల్లు, కారీగరు బాకీ మాత్రం ఆసామివి. ఉత్పత్తి సాధనం పేరుకు నీదే అయినా బేరం నీది కాని ఈ స్థితిని మార్క్స్ దారిలో ఆలోచించేవాళ్లు ఎప్పటినుంచో చర్చిస్తున్నారు.

మన కాల్హేర్ రోడ్డు మీద ఇప్పుడు ఎటు చూసినా గోదాములే. సాంచెలు తుక్కు కింద తూకానికి పోతున్నాయి, ఆ జాగాలో గోదాము లేస్తోంది. స్థలానికి ఎక్కువ అద్దె ఇచ్చేది అదే కాబట్టి అది సహజమే అని ప్రధానధార అంటుంది. అద్దె వచ్చేది జాగా ఉన్నవాడికి. సాంచె నడిపినవాడు గోదాములో మూటలు మోస్తే మళ్లినట్టేనా అని అడగాల్సింది మనం.

అడగాలంటే మన చేతిలో అంకెలు ఉండాలి. రంగా గారు 1930లో పుస్తకం తెచ్చారు కాబట్టి ఈరోజుకూ ఆనాటి నేత బతుకు మనకు తెలుస్తోంది. మన భివండి మజూరీ గురించి అట్లాంటి లెక్క మన చేత్తో మనం రాసుకోలేదు. మీటరుకు ఏ ఏడు ఎంత ఇచ్చారు, యూనిట్ కరెంటు ఎంత, కారీగరు కూలి ఎంత, ఇవన్నీ మన ఇళ్లల్లో ఎర్ర అట్ట ఖాతా పుస్తకాల్లో ఉన్నాయి. సాంచెలు అమ్మేటప్పుడు అవి కూడా రద్దీలో పోతున్నాయి. సాంచెలు అమ్మినా ఖాతాలు అమ్మకండి. పేజీ పేజీ ఫోన్‌లో ఫోటో తీసి సంఘం ఆఫీసుకు ఇవ్వండి, పేర్లు, బాకీల వివరాలు కప్పేసి ఇచ్చినా చాలు. 1980ల నాటివి ఎవరి దగ్గరైనా ఉంటే ముందు అవి కావాలి. ఎకనామిక్స్ చదివే మన పిల్లలు నలుగురైదుగురు కూర్చుని ఏడాదివారీగా ఎక్కిస్తారు, కండెలు చుట్టిన ఆడవాళ్ల గంటలకు కూడా అందులో ఒక గడి పెట్టమని చెప్పాలి.